పెద్దవాళ్ల ఒంట్లో నీరు తగ్గుతోందని పరికరాలతో ముందే పసిగట్టడం ఎలా

పెద్దవయసువాళ్ల ఒంట్లో నీరు ఎంత తగ్గిందో సూటిగా చెప్పేసే వాచీ గానీ, చర్మానికి అంటించే పట్టీ గానీ, పరుపు కింద పెట్టే సెన్సర్ గానీ నమ్మదగ్గది ఇంకా రాలేదు. అమ్మేవాళ్లు ఏం చెప్పినా ముందు ఈ సంగతి మనసులో పెట్టుకోండి. ఈ మనిషిలో నిన్నామొన్నటికీ ఇవాళ్టికీ ఏదో తేడా వచ్చింది, వెళ్లి చూడండి అని చెప్పడం వరకే పరికరం పని. వెళ్లి చూడటం, గ్లాసు అందించి తాగించడం, అనుమానం తీరకపోతే రక్తపరీక్ష చేయించడం మనుషుల పని. ఈ రెంటినీ ఎలా జతచెయ్యాలో కింద వరసగా చెప్తాను. వృద్ధాశ్రమంలో డ్యూటీ చేసే నర్సులు, సహాయకులు, ఆ చోటు నడిపేవాళ్లు ముఖ్యంగా చదవాల్సింది ఇది. ఇంట్లో పెద్దవాళ్లని చూసుకునేవాళ్లకీ చాలావరకు పనికొస్తుంది.

పరికరాల దాకా ఎందుకు వెళ్లాలంటే, మనకి అలవాటైన గుర్తులు ఈ వయసులో సరిగ్గా పనిచెయ్యవు. గిల్లి వదిలిన చర్మం మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గినట్టు అంటారు. ముడతలుపడ్డ చర్మం నీరు సరిపడా ఉన్నా అలాగే సర్దుకుంటుంది. నోరు ఎండటానికి మందులు కారణం కావచ్చు, నోటితో ఊపిరి పీల్చడం కారణం కావచ్చు. పోనీ మూత్రం రంగు చూద్దామంటే, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీలకు వయసుతోపాటు తగ్గిపోతుంది. అందుకే నీరు తక్కువున్నా మూత్రం లేతగానే రావచ్చు. బి విటమిన్ మాత్ర వేసుకున్నవాళ్లకేమో ఎన్ని నీళ్లు తాగినా పచ్చగా వస్తుంది. ఇక దాహం వేయడమే తగ్గిపోతుంది కాబట్టి అడిగినా ‘వద్దు, దాహంగా లేదు’ అంటారు, అది అబద్ధమేమీ కాదు. యూరప్‌లోని క్లినికల్ న్యూట్రిషన్ నిపుణుల సంఘం ఎస్పెన్ వృద్ధుల కోసం 2019లో ప్రచురించి, 2022లో సవరించిన మార్గదర్శకాలు డీహైడ్రేషన్ తేల్చడానికి ఈ గుర్తుల మీద ఆధారపడొద్దని స్పష్టంగా చెప్పాయి. పరీక్షగా రక్తాన్నే నమ్మమన్నాయి. అలాగని అందరికీ రోజూ రక్తం తీయలేం. ఎవరికి, ఎప్పుడు తీయాలో తేల్చుకోవడానికే పరికరాలు కావాలి.

మొదటి అడుగు: పరికరం కొనకముందు ఒక్కొక్కరికీ ఒక పేజీ

ఎవరి మీద ఎక్కువ కన్నేసి ఉంచాలో పరికరం చెప్పదు, వాళ్ల కేసు ఫైలు చెప్తుంది. ప్రతి మనిషికీ ఒక పేజీ తెరిచి ఈ విషయాలు రాయండి. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందులు, అంటే ఫ్యూరోసెమైడ్ లాంటివి, వాడుతున్నారా. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులున్నాయా? అవి కూడా మూత్రంతోపాటు నీటిని బయటికి పంపేవే. విరేచనం అవడానికి రోజూ మందు వేస్తున్నారా. మానసిక జబ్బులకి ఇచ్చే లిథియం వాడేవాళ్లుంటే ఎర్రగా గీత గీయండి, నీరు తగ్గితే రక్తంలో దాని మోతాదు ప్రమాదకరంగా పెరుగుతుంది.

మందుల తర్వాత మనిషి. మతిమరుపు ఉందా, గ్లాసు తనంతట తాను పట్టుకోగలరా, మింగడం కష్టమై పొలమారుతోందా, బాత్‌రూమ్‌కి ఇంకొకరి సాయం కావాలా. ఈ ఆఖరుది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, నీళ్లు తక్కువ తాగడానికి పెద్ద కారణం చాలాసార్లు ఇదే. రాత్రిపూట పిలిస్తే విసుక్కుంటారేమో అని సాయంత్రం నాలుగు దాటాక గుక్క కూడా తాగనివాళ్లుంటారు. వాళ్లకి మీరు ఎంత ఖరీదైన సెన్సర్ తగిలించినా, పిలిచిన వెంటనే ఎవరో ఒకరు వస్తారన్న నమ్మకం కలిగించకపోతే లాభం లేదు.

పేజీ పైభాగంలో కొట్టొచ్చినట్టు కనబడేలా ఇంకొకటి రాయాలి: డాక్టరు నీళ్లకి పరిమితి పెట్టారా? గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు, సోడియం తక్కువగా ఉండటం లాంటి సమస్యలున్నవాళ్లకి రోజుకి ఇన్ని మిల్లీలీటర్లే అని ఉండొచ్చు. అలాంటివాళ్ల విషయంలో ‘తక్కువ తాగారు’ అనే అలర్ట్ చూసి గబగబా తాగించేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు. పరిమితి లేనివాళ్లకి ఎస్పెన్ చెప్పే లెక్క, రోజుకి ఆడవాళ్లయితే కనీసం 1.6 లీటర్లు, మగవాళ్లయితే కనీసం 2 లీటర్లు, పానీయాల రూపంలో. నీళ్లతోపాటు పాలు, టీ, కాఫీ, పళ్లరసం కూడా ఈ లెక్కలోకి వస్తాయి. టీ, కాఫీ తాగితే ఒంట్లో నీరు పోతుందనే భయంతో వాటిని మాన్పించకండి. అలవాటున్నవాళ్లకి రోజులో చాలా నీరు వాటి ద్వారానే అందుతుంటుంది.

రెండో అడుగు: ఏ పరికరాన్ని ఏ పనికి పెట్టాలి

అన్నీ కొనక్కర్లేదు. ఖర్చుకి తగ్గ ఫలితం ఏది ఎక్కువ ఇస్తుందంటే నా ఓటు బరువు తూచే యంత్రానికి. కుర్చీలో కూర్చోబెట్టి తూచేది, లేదా మంచానికే అమర్చి ఉన్నది అయితే నిలబడలేనివాళ్లకీ వాడొచ్చు. రోజుల వ్యవధిలో తగ్గే బరువులో కొవ్వు, కండ చాలా కొంచెం, ఎక్కువ భాగం నీరే. ఒక కిలో తగ్గిందంటే దాదాపు లీటరు నీరు పోయినట్టు. 60 కిలోల మనిషి వారంలోపు 1.8 కిలోలు, అంటే 3 శాతం తగ్గితే ఆగి చూడాల్సిందే. ఇది కూడా ఒంటరిగా తీర్పు చెప్పదు. తిండి తగ్గినా, మలబద్ధకం వదిలినా, కాళ్లవాపు దిగినా బరువు మారుతుంది. కానీ పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, ఒకేలాంటి బట్టల్లో, అదే యంత్రం మీద తూస్తే దొరికే అంకె చాలా నిజాయితీగా ఉంటుంది. పైగా ఇదే యంత్రం రెండో పని కూడా చేస్తుంది. గుండె వైఫల్యం ఉన్నవాళ్లకి రెండు మూడు రోజుల్లో బరువు రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

తర్వాతిది స్మార్ట్ గ్లాసు, లేదా మామూలు గ్లాసు కింద పెట్టే సెన్సర్ పళ్లెం. ఎంత తగ్గిందో కొలిచి యాప్‌కి పంపుతాయి, తాగి చాలాసేపైతే వెలుగుతోనో మాటతోనో గుర్తుచేస్తాయి. చేత్తో రాసే నీళ్ల చార్టులతో ఉన్న పెద్ద చిక్కుని ఇవి కొంత తీరుస్తాయి. చార్టులో సాధారణంగా పడేది గదికి తీసుకెళ్లి పెట్టినది, కడుపులోకి వెళ్లినది కాదు. 200 మిల్లీలీటర్లు అని రాసి ఉంటుంది, సాయంత్రం చూస్తే గ్లాసు నిండుగా అక్కడే ఉంటుంది. అయితే సెన్సర్‌కి తెలిసేదీ గ్లాసులోంచి ఎంత బయటికి వెళ్లిందనే. మొక్కకి పోసినా, పక్కమంచం ఆయన తాగేసినా, ఒలికినా తాగినట్టే లెక్క. ఆ గ్లాసులో కాకుండా వేరే కప్పులో తాగిన టీ లెక్కలోకే రాదు. అందుకని రోజుకి ఒకసారి ఎవరైనా కళ్లతో చూసి సరిదిద్దే ఏర్పాటు ఉండాలి. బరువు, హ్యాండిల్ సంగతి కూడా చూసుకోండి. వణికే చేతులకి బరువైన స్మార్ట్ సీసా ఇస్తే తాగే ఆ కాస్తా మానేస్తారు.

మణికట్టు బ్యాండ్లు, వాచీలు చర్మం మీదికి కాంతి పంపి, తిరిగొచ్చే వెలుగులోని హెచ్చుతగ్గుల్ని బట్టి నాడి లెక్కపెడతాయి. రక్తంలో నీరు తగ్గితే గుండె వేగంగా కొట్టుకుని లోటు భర్తీ చేస్తుంది, ఆ పెరుగుదలని ఇవి చూపిస్తాయి. కానీ మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి, గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవాళ్ల నాడి పెరగాల్సినప్పుడు కూడా పెరగదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే కొట్టుకోవడమే అడ్డదిడ్డంగా ఉంటుంది కాబట్టి బ్యాండ్ లెక్క తప్పుతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్ల నాడి కూడా దాని సెట్టింగుల్ని బట్టే నడుస్తుంది. ఈ మూడు రకాల వాళ్ల పేజీలో ‘నాడి అలర్ట్ రాకపోతే బాగున్నట్టు కాదు’ అని రాసిపెట్టండి. నాడి పెరగడానికి జ్వరం, నొప్పి, ఆందోళన, రక్తహీనత కూడా కారణాలే. నా ఉద్దేశంలో బ్యాండ్‌లో అన్నిటికన్నా పనికొచ్చేది రాత్రి నిద్రలో వచ్చే నాడి అంకె. పగటి అంకెల్లో కదలికల వల్ల వచ్చే గందరగోళం ఎక్కువ.

పరుపు కింద పెట్టే సెన్సర్ గుండె కొట్టుకునేటప్పుడు శరీరంలో పుట్టే సన్నటి కదలికల్ని పట్టి నాడి, ఊపిరి లెక్కిస్తుంది. ఒంటికి ఏమీ తగిలించుకోనివాళ్లకి, బ్యాండ్ పీకేసే మతిమరుపు ఉన్నవాళ్లకి ఇదే మంచిది. రాత్రి ఎన్నిసార్లు మంచం దిగారో కూడా తెలుస్తుంది. రోజూ మూడుసార్లు మూత్రానికి లేచే మనిషి రెండు రాత్రులుగా ఒక్కసారీ లేవలేదంటే ఆ సమాచారం నాడి కంటే విలువైనది.

డైపర్ సెన్సర్లు ఎప్పుడు తడిసిందో, సుమారుగా ఎంత తడిసిందో చెప్తాయి. డబ్బు లేకపోతే ఒక డిజిటల్ కాటా చాలు. తడి డైపర్ బరువులోంచి పొడి డైపర్ బరువు తీసేయండి, ఒక గ్రాము అంటే సుమారు ఒక మిల్లీలీటరు. మూత్రం గంటకి కిలో బరువుకి 0.5 మిల్లీలీటరు కంటే తగ్గకూడదనేది ఆసుపత్రుల్లో వాడే కొలత. 60 కిలోల మనిషికి అది గంటకి 30, రోజుకి 720 మిల్లీలీటర్లు.

బీపీ మిషన్ ఎలాగూ ఉంటుంది, దాన్ని ఇంకొంచెం బాగా వాడుకోవచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే నిలబడినప్పుడు బీపీ పడిపోతున్నట్టు. నిలబడగానే నాడి 30కి పైగా పెరిగినా, కళ్లు తిరిగి నిలబడలేకపోయినా ఇంకా గట్టి సంకేతం. పక్కన ఇద్దరు లేకుండా ఈ పరీక్ష చెయ్యకండి. నిలబడలేనివాళ్లని కూర్చోబెట్టి చూడొచ్చు గానీ తేడా తక్కువగా కనబడుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి, బీపీ మందులు వాడేవాళ్లకి నీటితో సంబంధం లేకుండా కూడా బీపీ ఇలా పడుతుంది.

కొనొద్దని చెప్పేవి కూడా ఉన్నాయి. చెమటని బట్టి నీటి లోటు చెప్పే పట్టీలు బాగా చెమటపట్టే క్రీడాకారుల కోసం చేసినవి, రోజంతా కుర్చీలో కూర్చునే పెద్దావిడకి అవి చెప్పేదేమీ ఉండదు. సన్నటి కరెంటు పంపి ‘ఒంట్లో నీటి శాతం’ చూపే బయోఇంపెడెన్స్ కాటాలదీ అంతే. వృద్ధుల్లో డీహైడ్రేషన్ తేల్చడానికి వాటిని వాడొద్దని ఎస్పెన్ చెప్పింది, పైగా పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదని చాలా కంపెనీలే డబ్బా మీద రాస్తాయి. పల్స్ ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ అంకెకీ నీటికీ సంబంధం లేదు.

మూడో అడుగు: ఎవరి మామూలు వాళ్లకే

పరికరాలు వచ్చిన రోజే అలర్టులు పెట్టేయకండి. మనిషి ఆరోగ్యంగా, స్థిరంగా ఉన్న రెండు వారాలు ఊరికే నమోదు చేయనివ్వండి. రాత్రి నాడి ఎంత, రోజూ సగటున ఎంత తాగుతున్నారు, పొద్దుటి బరువు ఎంత, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, నిలబడినప్పుడు బీపీ ఎంత తగ్గుతోంది. ఆ రెండు వారాల్లో జ్వరమో విరేచనాలో వస్తే ఆ రోజులు తీసేసి లెక్కపెట్టండి.

ఇంత పట్టింపు ఎందుకంటే, ఫ్యాక్టరీ నుంచి వచ్చే సెట్టింగు సాధారణంగా అందరికీ ఒకే గీత గీస్తుంది. నాడి 100 దాటితే మోగు అని. మామూలుగా 58 ఉండే ఆయనకి 84 వచ్చిందంటే ఒంట్లో ఏదో జరుగుతోంది, కానీ పరికరం నోరు మెదపదు. మామూలుగానే 96 ఉండే ఆవిడకి మెట్లెక్కితే చాలు, మోగుతుంది. ఆయన సంగతి ఎవరూ చూడరు, ఆవిడ అలర్టుని అందరూ నిర్లక్ష్యం చేయడం నేర్చుకుంటారు. రెండోది మొదటిదానికంటే చెడ్డ అలవాటు, ఎందుకంటే అది మిగతా అందరి అలర్టులకీ పాకుతుంది.

నాలుగో అడుగు: ఎప్పుడు మోగాలి

ఒక్క అంకె మారితే పసుపు, రెండు వేర్వేరు రకాల అంకెలు కలిసి మారితే నారింజ. ఇంతకంటే గజిబిజి సూత్రం పెడితే రాత్రి డ్యూటీలో ఎవరికీ గుర్తుండదు. మొదలుపెట్టడానికి ఈ అంకెలు వాడొచ్చు. తాగడం మామూలులో మూడింట రెండు వంతుల కంటే తగ్గి రెండు రోజులు కావడం. రాత్రి నాడి మామూలుకంటే 10 పెరిగి వరసగా రెండు రాత్రులు ఉండటం. బరువు 2 శాతం తగ్గడం. మూత్రానికి లేవడమో, డైపర్ తడవడమో సగానికి పడిపోవడం. ఇవి మార్గదర్శకాల్లోంచి తీసిన అంకెలు కావు, నేను సూచించే ఆరంభం మాత్రమే. మీ డాక్టరుతో కూర్చుని ఒక్కొక్కరికీ మార్చుకోండి. 3 శాతం దాకా ఆగకుండా 2 శాతం దగ్గరే పెట్టమంటున్నది, ఈ దశలో తాగించడంతోనే సరిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి.

‘వేర్వేరు రకాల’ అన్న మాట ముఖ్యం. బ్యాండ్ నాడి, పరుపు సెన్సర్ నాడి రెండూ పెరిగితే అవి రెండు సంకేతాలు కావు, ఒకటే. తాగడం తగ్గడంతోపాటు నాడి పెరగడం, బరువు తగ్గడంతోపాటు మూత్రం తగ్గడం, ఇలా ఉండాలి.

వాతావరణం, ఒంటి పరిస్థితి మారినప్పుడు గీత ముందుకు జరపండి. వడగాడ్పులు, జ్వరం, వాంతులు, విరేచనాలు, కొత్తగా మూత్రం పోయే మందు మొదలుపెట్టడం, ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన మొదటి వారం, ఇలాంటప్పుడు పసుపు అలర్టునే నారింజగా చూడాలి.

ఎర్రది వేరు. దానికి రెండో సంకేతం కోసం చూడరు. బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో సవరించిన, రోగి పరిస్థితి దిగజారడాన్ని పసిగట్టే న్యూస్2 స్కోరులో ఒక్కటి కనబడ్డా 3 పాయింట్లు వేసి వెంటనే వైద్య సాయం కోరమనే విషయాలున్నాయి. కొత్తగా వచ్చిన అయోమయం, పై బీపీ 90 లేదా అంతకన్నా తక్కువ, నాడి 131 లేదా ఎక్కువ, ఊపిరి నిమిషానికి 25 లేదా ఎక్కువ అందులోవే. వీటికి తోడు లేపినా లేవకపోవడం, తాగింది తాగినట్టు కక్కేయడం, అసలు మింగలేకపోవడం. ఇవేవి కనబడ్డా యాప్‌లో గ్రాఫ్ చూస్తూ కూర్చోవద్దు, ఫోన్ చెయ్యండి.

ఐదో అడుగు: అలర్ట్ వచ్చాక ఏం చెయ్యాలి

ముందు మనిషి దగ్గరికి. పరికరం సరిగ్గా ఉందా, బ్యాండ్ వదులైందా, ఇంకెవరి గ్లాసో వీళ్ల టేబుల్ మీదికొచ్చిందా అని అర నిమిషంలో తేల్చుకోవచ్చు. నాడి చేత్తో పట్టుకుని నిమిషం లెక్కపెట్టండి. జ్వరం, బీపీ, ఊపిరి చూడండి. షుగర్ ఉన్నవాళ్లయితే వేలి నుంచి చుక్క తీసి చూడాల్సిందే, షుగర్ బాగా పెరిగితే మూత్రంతోపాటు నీరు పోతుంది.

తర్వాత మాట్లాడండి. నిన్నటిలాగే మాట్లాడుతున్నారా, పేరు పెట్టి పిలుస్తున్నారా, నీరసంగా ఉందంటున్నారా. వృద్ధుల్లో డీహైడ్రేషన్ గుర్తుల మీద జరిగిన పరిశోధనల్ని కలిపి చూసిన 2015 నాటి కాక్రేన్ (వైద్య పరిశోధనల్ని సమీక్షించే సంస్థ) సమీక్షలో, ఏ ఒక్క గుర్తూ తనంతట తాను చాలదని తేలింది. కాస్తో కూస్తో ఆశ చూపించినవాటిలో అలసటగా ఉందని చెప్పడం, భోజనాల మధ్య పానీయాలు మానేయడం ఉన్నాయి. ఈ రెండూ అడిగితే తెలిసేవి. అందుకే యాప్‌లో ఖాళీ గడి పెట్టించి ‘అలసటగా ఉందన్నారా’ అని ఒక ప్రశ్న చేర్చమంటాను, ఏ సెన్సర్ కంటే అది చవక.

పసుపు అలర్టు, మనిషి బాగానే ఉన్నారు, పరిమితి లేదు, మింగడంలో ఇబ్బంది లేదు, అలాంటప్పుడు తాగించడం మొదలుపెట్టండి. ఒకేసారి పెద్ద గ్లాసు పెడితే చాలామందికి చూడగానే వద్దనిపిస్తుంది. 100, 150 మిల్లీలీటర్లు గంటకోసారి, వాళ్లకి ఇష్టమైనది, పక్కన కూర్చుని. మాత్ర ఇచ్చినప్పుడు గుక్కతో సరిపెట్టకుండా నిండు గ్లాసు ఇవ్వడం ఒక మంచి కిటుకు. మింగడం కష్టమైనవాళ్లకి స్పీచ్ థెరపిస్టు చెప్పినంత చిక్కదనంతోనే ఇవ్వాలి.

ఓఆర్‌ఎస్ గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే డీహైడ్రేషన్ అనగానే చెయ్యి దానిమీదికే వెళ్తుంది. నీరు రెండు రకాలుగా తగ్గుతుంది. తక్కువ తాగడం వల్ల తగ్గితే ఒంట్లో నీరు తగ్గి ఉప్పు సాంద్రత పెరుగుతుంది, దానికి మళ్లీ ఉప్పు కలిపిన నీళ్లు అక్కర్లేదు. నీళ్లు, టీ, పాలు, పళ్లరసం చాలు. వాంతులు, విరేచనాల వల్ల తగ్గితే నీటితోపాటు లవణాలూ పోతాయి, అప్పుడు ఓఆర్‌ఎస్ సరైనది. వృద్ధాశ్రమంలో రోజూ కనిపించేది ఎక్కువగా మొదటి రకమే.

నారింజ అలర్టు అయితే తాగిస్తూనే నర్సు ద్వారా డాక్టరుకి చెప్పి అదేరోజు రక్తం తీయించండి. వాంతులు, విరేచనాలు ఉంటే మూత్రం పోయే మందు, కొన్ని బీపీ, షుగర్ మందులు తాత్కాలికంగా ఆపాలా అని కూడా అదే ఫోన్‌లో అడగండి. మీ అంతట మీరు ఆపేయకండి.

ఆరో అడుగు: రక్తపరీక్ష కాగితం చదవడం

ల్యాబ్‌లో సీరం ఆస్మోలాలిటీ, అంటే రక్తంలో కరిగి ఉన్న పదార్థాల సాంద్రత, నేరుగా కొలిస్తే సంగతి తేలిక. కిలోకి 300 మిల్లీఆస్మోల్స్ దాటితే తక్కువ తాగడం వల్ల వచ్చిన డీహైడ్రేషన్ ఉన్నట్టు. అయితే ఈ పరీక్ష అన్నిచోట్లా చెయ్యరు. మామూలుగా వచ్చే నాలుగు అంకెలతో ఆ లెక్కని దాదాపుగా రాబట్టే సూత్రం ఒకటుంది, ఎస్పెన్ కూడా దాన్నే సూచిస్తుంది. సోడియం, పొటాషియం కలిపి 1.86తో గుణించండి. గ్లూకోజ్‌ని 1.15తో గుణించి కలపండి. యూరియా కలపండి. చివరగా 14 కలపండి. మొత్తం 295 దాటితే డాక్టరు చూడాల్సిన సమయం వచ్చినట్టు.

ప్రమాణాలు చూసుకోకపోతే మాత్రం లెక్క అంతా తప్పుతుంది. సూత్రంలో అన్నీ లీటరుకి మిల్లీమోల్స్‌లో ఉండాలి. సోడియం, పొటాషియంలకి ఇబ్బంది లేదు. గ్లూకోజ్ డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో (mg/dL) ఇస్తే 18తో, యూరియా అలాగే ఇస్తే 6తో భాగించండి. యూరియా బదులు బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్‌ని మాత్రమే చెప్పే అంకె) అని రాసి ఉంటే 2.8తో భాగించాలి.

ఉదాహరణకి ఒక కాగితంలో సోడియం 142, పొటాషియం 4.2, గ్లూకోజ్ 108 మిల్లీగ్రాములు, యూరియా 42 మిల్లీగ్రాములు అని ఉందనుకోండి. 142, 4.2 కలిపితే 146.2, దాన్ని 1.86తో గుణిస్తే 271.9. గ్లూకోజ్ 108ని 18తో భాగిస్తే 6, దానికి 1.15 గుణిస్తే 6.9. యూరియా 42ని 6తో భాగిస్తే 7. మొత్తానికి 14 కలిపితే 299.8. గమనించారా, విడివిడిగా చూస్తే సోడియం, పొటాషియం, యూరియాల్లో ఒక్కదాని పక్కనా ల్యాబ్ వాళ్లు నక్షత్రం గుర్తు పెట్టరు. ‘రిపోర్ట్ నార్మల్’ అనేసి ఫైల్లో పెట్టేస్తారు. కలిపి చూస్తే గీత దాటి చాలా దూరం వెళ్లింది. ఈ లెక్కని ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్‌గా పెట్టుకుంటే నాలుగు అంకెలు కొట్టడమే పని. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా పనికొచ్చే టెక్నాలజీ ఈ స్ప్రెడ్‌షీటే.

షుగర్ బాగా ఎక్కువున్నా, కిడ్నీ జబ్బు వల్ల యూరియా పెరిగినా మొత్తం అంకె పైకి వెళ్తుంది. అప్పుడు ముందు వాటి సంగతి చూడాలి గానీ అంతా నీటి లోటే అనుకోకూడదు. మంచం దగ్గరే రెండు మూడు చుక్కల రక్తంతో నిమిషాల్లో సోడియం, పొటాషియం, గ్లూకోజ్, బీయూఎన్ చూపించే చేతి యంత్రాలు కూడా ఉన్నాయి. వాటి కార్ట్రిడ్జ్‌లు ఫ్రిజ్‌లో పెట్టాలి, వాడేముందు గది వేడికి రానివ్వాలి. పెద్ద సంస్థలకైతే ఆలోచించొచ్చు.

గీత దాటినా మనిషి బాగానే ఉంటే తాగించడం పెంచి, డాక్టరు చెప్పిన రోజున మళ్లీ పరీక్ష. దాటి, మనిషి కూడా నలతగా ఉంటే నోటితో సరిపోదు. చర్మం కింద గానీ, నరం ద్వారా గానీ సెలైన్ ఎక్కించాలా అన్నది డాక్టరు నిర్ణయిస్తారు.

ఏడో అడుగు: రోజువారీ తలనొప్పులు

బ్యాండ్లు అందరివీ ఒకేసారి ఛార్జింగ్‌కి పెట్టకండి, స్నానం వేళల్ని బట్టి వంతులు వేయండి. వెనక పేరు రాయండి, రంగు టేప్ చుట్టండి. ఇద్దరి బ్యాండ్లు తారుమారైతే రెండు మామూళ్లూ పాడవుతాయి. తీసినప్పుడల్లా కింద చర్మం ఎర్రబడిందేమో చూడండి, పెద్దవాళ్ల చర్మం పల్చన. వైఫై అందని మూల గదుల్లో సెన్సర్ ‘అంతా బాగుంది’ అన్నట్టు నిశ్శబ్దంగా ఉండిపోతుంది. అందుకే సమాచారం ఆరు గంటలు రాకపోతే అదే ఒక అలర్టుగా రావాలని సెట్టింగు పెట్టించండి.

అలర్టు ఎవరి ఫోన్‌కి వెళ్లాలో డ్యూటీ పట్టికలో పేరుతో రాయండి. అందరికీ వెళ్లే అలర్టుని ఎవరూ చూడరు. డ్యూటీ మారేటప్పుడు పసుపులో ఎవరున్నారు, ఇప్పటిదాకా ఎంత తాగారు అన్నది నోటితో చెప్పాలి, యాప్‌లో ఉంది కదా అనుకోవద్దు.

ఏది తగిలించినా వాళ్లని అడిగి తగిలించండి. ఎందుకో అర్థమయ్యేలా చెప్పండి, మతిమరుపు ఉంటే కుటుంబంతోనూ మాట్లాడండి. ఈ లెక్కలు ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో కూడా చెప్పాలి. పదేపదే బ్యాండ్ తీసేస్తున్నారంటే అదే వాళ్ల జవాబు, పరుపు సెన్సర్‌కో, కాటాకో మారండి.

నీరు తగ్గి కోలుకున్న మనిషికి పాత గీతలనే ఉంచెయ్యకండి. మందులు మారి ఉంటాయి, బరువు మారి ఉంటుంది. మళ్లీ రెండు వారాలు నమోదు చేసి కొత్త మామూలు రాయండి. నెలకోసారి అలర్టుల జాబితా ముందేసుకుని ఒక్కోదాని పక్కన ‘వెళ్లి చూశాం, నిజమే’, ‘వెళ్లి చూశాం, ఏమీ లేదు’, ‘ఎవరూ వెళ్లలేదు’ అని గుర్తులు పెట్టండి. రెండో రకం ఎక్కువైతే గీతలు సవరించండి. మూడో రకం ఎక్కువైతే కొత్త పరికరం కొనే డబ్బుతో సాయంత్రం వేళ ఇంకొక మనిషిని డ్యూటీలో పెట్టండి.